హోదాలు పుట్టకముందే పల్లెకు

చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల వాళ్లకు రాయవేలూరు అంటే ముందుగా సీఎంసీ ఆసుపత్రే. ఇక్కడి డాక్టర్లు చేతులెత్తేశాక ‘ఒకసారి రాయవేలూరు తీసుకెళ్లి చూపించండి’ అనే మాట తరతరాలుగా వినిపిస్తూనే ఉంది. ఆ ఆసుపత్రి పేరు అంత దూరం పాకింది గానీ, అక్కడి కళాశాల తన విద్యార్థులను చదువు మొదలైన ఏడాదే ఎక్కడికి పంపుతుందో మనలో తక్కువమందికి తెలుసు. ఊరి రద్దీకి దూరంగా బాగాయంలో ఉంటుంది కళాశాల ప్రాంగణం. దాని చుట్టుపక్కల కణియంబాడి బ్లాకు పల్లెలు ఉంటాయి. మొదటి సంవత్సరం విద్యార్థులు రెండు మూడు వారాల పాటు వాటిలో ఒక పల్లెకు వెళ్లి అక్కడే బస చేస్తారు. ఎంబీబీఎస్ వాళ్లతో పాటు నర్సింగ్ విద్యార్థులు, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ చదివేవాళ్లు కూడా ఆ శిబిరంలో ఉంటారు. దాని పేరు కమ్యూనిటీ ఓరియెంటేషన్ ప్రోగ్రామ్. పిల్లలు పొట్టిగా సీఓపీ అంటారు.

మన దేశంలో వైద్య విద్యార్థులను పల్లెకు తీసుకెళ్లని కాలేజీ ఉండదు. బస్సు వస్తుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చూపిస్తారు, ఒక ఫారం నింపిస్తారు, మధ్యాహ్నానికి బస్సు తిరుగుతుంది. వేలూరు పని ఆ కోవలోది కాదు. ఎవరిని ఎప్పుడు పంపాలి, ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టాలి, ఏం కొలిపించాలి, కొలిచినదాన్ని చివరికి ఎవరి చేతిలో పెట్టాలి అన్న నాలుగు ప్రశ్నలకూ వాళ్లు ఓపికగా జవాబులు వెతికారు. ఆ జవాబుల్లోని పనితనాన్ని ఒక్కొక్కటిగా పరిచయం చేయాలని ఈ వ్యాసం.

ఈ పనికి వేరు చాలా లోతున ఉంది. 1870లో రాణిపేటలో ఒక అమెరికన్ మిషనరీ కుటుంబంలో పుట్టిన ఐడా స్కడర్‌కు డాక్టర్ కావాలన్న కోరికే లేదు. ఒకే రాత్రి మూడు ఇళ్ల వాళ్లు వచ్చి, కాన్పు కష్టమై ఉన్న తమ ఇంటి ఆడపిల్లలను చూడమని ఆమెను బతిమాలారు. ఆమె తండ్రి డాక్టరే. కానీ మగ డాక్టర్‌ను లోపలికి రానివ్వడానికి వాళ్ల ఆచారం ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ముగ్గురూ చనిపోయారు. ఐడా అమెరికా వెళ్లి 1899లో కార్నెల్ నుంచి వైద్యపట్టా తీసుకున్నారు. 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. ఆసుపత్రి కట్టాక కూడా ఆమె అక్కడ కూర్చుని ఉండిపోలేదు. మొదట ఎద్దుల బండిలో, తర్వాత కారులో పల్లెల దారి పట్టారు. ఫలానా రోజు ఫలానా చెట్టు కింద డాక్టరమ్మ ఉంటుందని తెలిసి జనం రోడ్డు పక్కన బారులు తీరేవారు. 1909లో నర్సుల శిక్షణ, 1918లో మహిళలకు వైద్య పాఠశాల మొదలయ్యాయి. మగపిల్లలకు 1947లో ప్రవేశం దొరికింది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. వేలూరులో నర్సుల చదువు డాక్టర్ల చదువు కంటే తొమ్మిదేళ్లు పెద్దది. ఇప్పుడు రెండు చదువుల పిల్లలూ ఒకే శిబిరంలో అన్నం తినడానికి ఆ వంశవృక్షం కూడా ఒక కారణమే అనుకుంటాను.

మొదటి పనితనం సమయం ఎంచుకోవడంలో ఉంది. మొదటి ఏడాది విద్యార్థికి మందులు తెలియవు. గుండె చప్పుడు విని అర్థం చెప్పడం రాదు. ఈ పిల్లలను పల్లెకు పంపి ఏం లాభం, నాలుగో ఏడాది పంపితే కాస్తయినా పనికొస్తారు కదా అనిపిస్తుంది. వేలూరు వాళ్లు సరిగ్గా ఆ తెలియనితనాన్నే వాడుకున్నారు. మందు రాయడం రాని విద్యార్థికి ఇంట్లో మనుషులను చూడటం తప్ప వేరే పని ఉండదు. పొయ్యి ఎక్కడుంది, పొగ ఎటు పోతోంది, నీళ్లు ఎవరు మోసుకొస్తున్నారు, కూలి డబ్బు ఎవరి చేతికి వస్తోంది, బడి మానేసిన పిల్ల ఎందుకు మానేసింది అని అడుగుతాడు. రోగం పేరు తెలిసిన మరుక్షణం కన్ను రోగం మీదికే పోతుంది. ఆ పేర్లు నేర్చుకోకముందే మనిషిని, ఇంటిని, వీధిని చూసిన కన్ను తర్వాత వార్డులో పడుకున్న రోగి వెనుక కూడా ఒక ఇల్లు ఉందని మరచిపోదు.

ఈ సమయానికి మరో గుణం ఉంది. మొదటి ఏడాది డాక్టర్ పిల్లలకూ నర్సింగ్ పిల్లలకూ మధ్య ఇంకా ఎత్తుపల్లాలు లేవు. ఇద్దరికీ వైద్యం రాదు. ఇద్దరూ ఇంటి గడప దగ్గర ఒకేలా బెరుకుగా నిలబడతారు. మూడేళ్లు గడిస్తే వార్డు ఒకరికి ఆజ్ఞ ఇవ్వడం, ఇంకొకరికి అందుకోవడం నేర్పేస్తుంది. ఫిజియోథెరపిస్టును డాక్టర్ చీటీ రాస్తే వచ్చే మనిషిగా చూడటం అలవాటవుతుంది. అప్పుడు కలిసి పనిచేయండి అని ఎన్ని ఉపన్యాసాలిచ్చినా పైపైనే ఉండిపోతాయి. హోదాలు పుట్టకముందే ఒకే బావి నీళ్లు తాగి, ఒకే సర్వే కాగితాల మీద తల పట్టుకుని కూర్చున్నవాళ్లకు ఎదుటివాడి చదువు పట్ల గౌరవం ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. రెండు లేదా అంతకంటే ఎక్కువ వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలని 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నివేదికలో చెప్పింది. వైద్య, నర్సింగ్, ప్రజారోగ్య చదువులు ఎవరి గూట్లో వాళ్లు ఉండిపోతున్నాయని అదే ఏడాది లాన్సెట్ కమిషన్ కూడా బాధపడింది. ఆ గూళ్లు కట్టుకోకముందే పిల్లలను పట్టుకోవడం వేలూరు తెలివి.

రెండో పనితనం కొలతల్లో ఉంది. పల్లె అంటే జాలిపడటం, ఫొటోలు తీసుకోవడం, పేదరికం గురించి ఒక పేజీ రాసుకోవడం తేలిక. విద్యార్థిని ఆ తేలికదనం నుంచి కాపాడేది లెక్క. ఇంటింటి సర్వే చేయించడం అందుకే. ఇంట్లో ఎందరు, ఏ వయసువాళ్లు, ఏం చదివారు, ఏం పని చేస్తారు, గదులెన్ని, మరుగుదొడ్డి ఉందా, ఉంటే వాడుతున్నారా అన్న ప్రశ్నలు పైకి చూస్తే జనాభా లెక్కల కాగితంలా ఉంటాయి. కానీ మరుగుదొడ్డి ‘ఉందా’ అన్న ప్రశ్నకూ ‘వాడుతున్నారా’ అన్న ప్రశ్నకూ మధ్య ఎంత దూరముందో ఆ గడప దగ్గర నిలబడినవాడికే తెలుస్తుంది. మొదటి ప్రశ్నకు ఇంటి యజమాని జవాబు చెబుతాడు. రెండో ప్రశ్నకు జవాబు చెప్పేది పెరట్లో గిన్నెలు తోముకుంటున్న కోడలు. ఎవరిని అడగాలో తెలియడం సగం సర్వే.

తిండి లెక్క ఇంకా కష్టం. నిన్న పొద్దున్నుంచి ఈ పొద్దున దాకా ఏం తిన్నారని అడిగి, దాన్ని వరుసగా గుర్తుచేసి రాసుకోవడం పోషకాహార సర్వేల్లో పాత పద్ధతి. ఇంటికి వండిన బియ్యం ఎన్ని, పప్పు ఎంత అని చెప్పడం ఇల్లాలికి సులువే. అందులో ఎవరి పళ్లెంలోకి ఎంత వెళ్లిందన్నది అడిగితే ఇల్లంతా ఒక్కసారి మౌనమవుతుంది. చివర తిన్నదెవరో, చారుతో సరిపెట్టుకున్నదెవరో బయటపడుతుంది. గర్భిణికి హీమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అని పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యం వెనుక ఎంత పెద్ద కథ ఉందో విద్యార్థికి ఆ పళ్లెం దగ్గరే అర్థమవుతుంది. ఆరు నెలలు దాటిన, ఐదేళ్ల లోపు పిల్లల జబ్బకు చుట్టే కొలపట్టీ కూడా అంతే. 12.5 సెంటీమీటర్లకు తగ్గితే పోషణ లోపం, 11.5కు తగ్గితే ప్రాణం మీదికి వచ్చే లోపం. ఒక్క సెంటీమీటరు తేడా ఒక బిడ్డ బతుకులో ఎంత తేడానో తన చేత్తో పట్టీ చుట్టి చూసినవాడు మరచిపోలేడు.

నీళ్ల దగ్గరా ఇదే పాఠం. వెయ్యి లీటర్ల బావి నీటికి సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చాలని, వేసిన గంట తర్వాత లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలని కమ్యూనిటీ మెడిసిన్ చదివిన ప్రతివాళ్లూ పరీక్షలో రాసినవాళ్లే. ఊళ్లో అడుగుపెట్టాక బావి లోతు తాడుతో కొలవాలి, చుట్టుకొలత చూసి నీటి పరిమాణం లెక్కగట్టాలి. ఇంత చేసి మందు కలిపితే ఆ వాసన పడదని జనం ఆ రోజు వేరే బావికి వెళ్లిపోతారు. లెక్క తప్పలేదు, మనుషులు లెక్కలోకి రాలేదు. ఆరోగ్య విద్య అంటే గోడమీద పోస్టరు అంటించడం అనుకున్న విద్యార్థి, ఆ వాసన గురించి ఇంటింటికీ తిరిగి మాట్లాడాల్సి వచ్చినప్పుడు అసలు పని మొదలుపెడతాడు.

మూడో పనితనం జట్టు కూర్పులో ఉంది. ఈ కూర్పు ఏం చేస్తుందో చూడటానికి ఏ పల్లెలోనైనా కనిపించే ఒక ఇంటిని ఊహించుకుందాం. వసారాలో నులక మంచం మీద పక్షవాతం వచ్చిన తాత. ఎంబీబీఎస్ విద్యార్థి రక్తపోటు సంగతి అడుగుతాడు. తాత మాత్రలు మానేసి చాలా రోజులైందని, బాగానే ఉంది కదా అని మానేశాడని తెలుస్తుంది. నర్సింగ్ విద్యార్థిని తాతను పక్కకు ఒత్తిగిలించి నడుము కింద ఎర్రబడిన చర్మం చూపిస్తుంది. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే అక్కడ పుండు పడుతుందని అవ్వకు చెబుతుంది. ఫిజియోథెరపీ విద్యార్థి బిగుసుకుపోయిన భుజాన్ని పట్టుకుని, చేయి పూర్తిగా పనికిరాకుండా పోకముందే రోజూ ఎలా కదిలించాలో మనవడికి నేర్పుతాడు. ఆక్యుపేషనల్ థెరపీ చదివే పిల్ల తాతను వదిలి గడపను చూస్తుంది. ఆ గడప ఎత్తు వల్లే ఆయన పెరట్లోకి వెళ్లలేక మంచానికి అంటుకుపోయాడని, ఒక చెక్క మెట్టు, గోడకు ఒక కర్ర పట్టు ఉంటే చాలని అంటుంది. చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే తన చేత్తో తనే తినగలడని చూపిస్తుంది.

ఇందులో ఏ ఒక్కరూ ఇంకొకరి పని చేయలేదు. ఏ ఒక్కరు లేకపోయినా తాత పరిస్థితి సగమే అర్థమయ్యేది. ఆసుపత్రిలో అయితే ఈ నలుగురూ నాలుగు గదుల్లో, నాలుగు వేర్వేరు వేళల్లో ఆయనను చూసేవారు. అక్కడి నుంచి గడప కనిపించదు, అవ్వ కనిపించదు. వసారాలో నలుగురూ ఒకేసారి చూశారు కాబట్టి, ఒకరు చూసింది రెండోవారికి కూడా చూడటం వచ్చింది. మొదటి ఏడాది పిల్లలకు ఈ విద్యలన్నీ ఇంకా చేతికి రావు. పక్కన అధ్యాపకులు, ఆ ఊరి నర్సు ఉండి చూపించాల్సిందే. కానీ రోగి చుట్టూ ఎన్ని రకాల కళ్లు అవసరమో వాళ్లకు అప్పుడే తెలిసిపోతుంది. ముందు ముందు డాక్టరైన పిల్లవాడు ‘ఈ సంగతి సిస్టర్‌ను అడుగుదాం’ అని మనస్ఫూర్తిగా అనగలిగితే, దాని విత్తనం అలాంటి వసారాలో పడిందే.

నాలుగో పనితనం లెక్క అప్పజెప్పడంలో ఉంది. ఊరి నుంచి తీసుకున్న సమాచారం కాలేజీ బీరువాలోకి వెళ్లిపోతే అది ఊరికి తీర్చని అప్పు. వేలూరు విద్యార్థులు పోగుచేసిన అంకెలను విశ్లేషించి, తేలినదాన్ని అధ్యాపకుల ముందు చెప్పడంతో ఊరుకోరు. ఊరివాళ్లకూ ఆరోగ్య ప్రదర్శనలు, నాటికలు, మాటల రూపంలో తిరిగి చెబుతారు. పరీక్షాధికారి ముందు నిలబడటం కంటే ఇది కష్టమైన పరీక్ష. ‘మీ ఊళ్లో ఇంతమంది పిల్లలు బరువు తక్కువ ఉన్నారు’ అని చెప్పగానే వెనుక నుంచి ఒక పెద్దాయన ‘అయితే ఏం చేద్దామంటారు?’ అని అడిగితే జవాబు కావాలి. ఊరి భాషలో, ఊరికి చేతనయ్యే జవాబు కావాలి. పారిభాషిక పదం వెనుక దాక్కోవడానికి అక్కడ వీలుండదు.

ఈ నాలుగింటినీ మోసే పునాది వేరే ఉంది, అది లేకపోతే మొత్తం శిబిరం రెండు వారాల పిక్నిక్ అయ్యేది. కణియంబాడి బ్లాకులో లక్షకు పైగా జనాభా. కళాశాల కమ్యూనిటీ హెల్త్ విభాగం ఆ బ్లాకులో ‘చాడ్’ పేరుతో ఏడాది పొడవునా పనిచేస్తుంది. ఊళ్లోనే ఉండే పార్ట్‌టైమ్ ఆరోగ్య కార్యకర్త, ఆపైన హెల్త్ ఎయిడ్, ఆపైన కమ్యూనిటీ హెల్త్ నర్సు, ఆపైన డాక్టర్, ఇలా నాలుగు మెట్లు. సంచార వైద్యశాల క్రమం తప్పకుండా ఊళ్లకు వెళ్తుంది. పెద్ద అవసరమొస్తే బాగాయంలోనే ఆసుపత్రి ఉంది. పుట్టుకలు, మరణాలు, గర్భిణుల వివరాలు 1980ల నుంచే కంప్యూటర్లో నమోదవుతున్నాయి. అందుకే సర్వేకు వచ్చిన పిల్లల ముందు ఊరివాళ్లు తలుపు వేసుకోరు. పిల్లలు వెళ్లిపోయినా నర్సు మళ్లీ వస్తుందని వాళ్లకు తెలుసు. విద్యార్థి కనిపెట్టిన రక్తహీనత కేసు కాగితం మీదే ఆగిపోదు, చూసుకునే మనిషి ఉంది. అదే జిల్లా కె.వి.కుప్పం బ్లాకులో 1970ల చివర డాక్టర్ దలీప్ ముఖర్జీ నాయకత్వంలో సీఎంసీ మొదలుపెట్టిన ‘రూసా’ కార్యక్రమం వైద్యంతో పాటు ఉపాధి, వ్యవసాయం, మహిళా సంఘాల పనిని కూడా ఆరోగ్యంలో భాగంగా చూసింది. సేవ లేని చోట శిక్షణ పెట్టకూడదన్నది ఈ రెండు చోట్లా కనిపించే నియమం.

మొదటి ఏడాదితో పల్లె పాఠం అయిపోదు. వైద్యం కొంత తెలిశాక విద్యార్థులు మళ్లీ పల్లెలకు వస్తారు. ఈసారి జబ్బులను గుర్తుపడతారు, ఊరిలో ఒక జబ్బు ఎందుకు ఎక్కువుందో అధ్యయనం చేస్తారు. మొదటిసారి ఇల్లు చూసి, రెండోసారి రోగం చూడటం వల్ల రెండింటినీ కలిపే దారి వాళ్లకే దొరుకుతుంది. హౌస్ సర్జన్‌గా పనిచేసి పట్టా చేతికొచ్చాక, స్పాన్సర్‌షిప్ మీద చేరినవాళ్లు రెండేళ్లు చిన్న ఊళ్ల మిషన్ ఆసుపత్రుల్లో పనిచేయాలి. ఎక్స్‌రే యంత్రం కూడా పాతదైన ఆసుపత్రిలో, పక్కన ఇద్దరు నర్సులు తప్ప ఎవరూ లేని రాత్రి, జట్టుగా పనిచేయడం అలవాటైనవాడు బెదరడు.

మహారాష్ట్రలో వార్ధా దగ్గర సేవాగ్రామ్‌లో సుశీలా నయ్యర్ 1969లో స్థాపించిన మహాత్మాగాంధీ వైద్య విజ్ఞాన సంస్థ ఇదే పనిని ఇంకో తీరులో చేసింది. అక్కడ కొత్తగా చేరిన విద్యార్థులు మొదట గాంధీ ఆశ్రమంలో ఉంటారు, ఖద్దరు కడతారు. తర్వాత ఆ బ్యాచ్ ఒక పల్లెను దత్తత తీసుకుని అక్కడ పదిహేను రోజుల సేవా శిబిరం నడుపుతుంది. ఒక్కో విద్యార్థికి కొన్ని కుటుంబాలు అప్పగిస్తారు. శిబిరం ముగిశాక కూడా నెలనెలా వెళ్లి వాళ్లను చూసి రావాలి. వేలూరు బలం జట్టులో ఉంటే సేవాగ్రామ్ బలం బంధం నిలవడంలో ఉంది. అదే ఇంటికి మూడేళ్లు వెళ్లినవాడు రక్తపోటు మాత్ర మొదలుపెట్టడమే కాక అది మానేసే రోజును కూడా చూస్తాడు. ఈ రెండు గుణాలూ ఒకే చోట చేరితే ఇంతకంటే మంచి శిక్షణ ఊహించడం కష్టం.

ఈ ఆలోచన ప్రభుత్వానికి కొత్త కాదు. సామాజిక వైద్యుడు తయారు కావాలని 1946లోనే భోర్ కమిటీ నివేదిక కోరింది. ప్రతి వైద్య కళాశాలా మూడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల బాధ్యత తీసుకోవాలని 1977లో ఒక పథకం పెట్టారు. అది చాలాచోట్ల వాహనాలు, కాగితాల దగ్గరే ఆగిపోయింది. 2021-22 బ్యాచ్ నుంచి జాతీయ వైద్య కమిషన్ కుటుంబ దత్తత కార్యక్రమాన్ని పాఠ్యప్రణాళికలో చేర్చింది. ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థీ కొన్ని కుటుంబాలను దత్తత తీసుకోవాలి. మంచి నిర్ణయమే. కానీ అది ఎంబీబీఎస్ పిల్లల కోసం మాత్రమే రాసిన నియమం. నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మసీ, దంతవైద్యం చదివేవాళ్లు అందులో లేరు. జట్టు లేకుండా దత్తత తీసుకున్న కుటుంబానికి దొరికేది ఒక జత కళ్లు మాత్రమే.

తెలుగు రాష్ట్రాలకు ఇది అచ్చంగా సరిపోయే కాలం. తెలంగాణలో దాదాపు ప్రతి జిల్లాకూ ఒక ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో కొత్త కళాశాలలు మొదలయ్యాయి. వీటి చుట్టూ పల్లెలు ఉన్నాయి, ఊరూరా ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచర్ ఉన్నారు. వేలూరు తనంత తాను కట్టుకోవాల్సి వచ్చిన నాలుగు మెట్లలో రెండు మూడు మనకు ఇప్పటికే ఉన్నాయి. మన కొత్త కళాశాలల ప్రిన్సిపాళ్లకు, కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకులకు ఒక విన్నపం. కుటుంబ దత్తతకు బస్సు పంపే రోజున అందులో సగం సీట్లు దగ్గరలోని నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మసీ కాలేజీల పిల్లలకు ఇవ్వండి. పొద్దున వెళ్లి మధ్యాహ్నం రాకుండా కనీసం వారం రోజులు ఊళ్లో ఉండనివ్వండి. ఊళ్లోని ఏఎన్ఎంను, ఆశాను ఆ వారం వాళ్లకు గురువులుగా కూర్చోబెట్టండి. చివరి రోజు లెక్కలన్నీ ఊరి ముందు చెప్పించండి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. కావాల్సింది రెండు కాలేజీల టైమ్‌టేబుళ్లు ఒక వారం కలవడం. ఆ ఒక్క వారం కలపగలిగిన జిల్లాలో పదేళ్ల తర్వాత మంచం పట్టిన తాతలకు నాలుగు జతల కళ్లు తోడుంటాయి.